ముందు మంచం, తరువాత రిజిస్టరు

ఉదయం డ్యూటీకి రాగానే మన సిస్టర్లు మొదట ఏం చేస్తారు? చాలా వార్డుల్లో రిజిస్టర్లు ముందేసుకుంటారు. సెన్సస్, ఇండెంట్, డైట్ షీటు పూర్తయ్యేసరికి డాక్టరుగారి రౌండ్స్ మొదలవుతాయి. మంచం మీదున్న రోగిని మాత్రం అప్పటికి ఎవరూ చూసి ఉండరు. ఈ వరస మారాలని మేము గట్టిగా అనుకుంటున్నాము.

మేము కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో, వేరే ఊరి ఆసుపత్రిలో జరిగిన సంగతి ఇది. రాత్రి కాన్పు అయిన ఒకామె తల్లి రెండుసార్లు వచ్చి "సిస్టరమ్మా, బిడ్డ ఒళ్ళు చల్లబడుతున్నది" అన్నది. "వస్తున్నాం అమ్మా" అంటూ మేము సెన్సస్ రాస్తూనే ఉన్నాము. వెళ్ళి చూస్తే దుప్పటంతా రక్తం. డాక్టరుగారు పరుగున వచ్చారు, రక్తం ఎక్కించారు. దేవుని దయవల్ల ఆమె బ్రతికింది. ఆ రోజు సెన్సస్‌లో ఒక్క తప్పు కూడా లేదు!

కనుక మేము చెప్పే వరస ఇది.

మొదటిది ప్రాణం. హ్యాండోవర్ టేబుల్ దగ్గర కాదు, ప్రతి మంచం దగ్గర జరగాలి. ఊపిరి, స్పృహ, రక్తస్రావం చూడాలి.

రెండవది గడియారంతో ముడిపడిన పనులు. భోజనానికి ముందు ఇవ్వవలసిన ఇన్సులిన్ భోజనం తరువాత ఇస్తే ప్రయోజనం తగ్గుతుంది. పుట్టిన బిడ్డకు మొదటి గంటలోనే తల్లిపాలు పట్టించాలి.

మూడవది రోగికి ఊరటనిచ్చే పనులు. పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం వంటివి. పక్షవాతం రోగిని తిప్పకుండా వదిలితే పుండ్లు పడతాయి.

నాలుగవది స్టోరు, లెక్కలు. అయితే ఇచ్చిన మందును వెంటనే కేస్ షీటులో రాయాలి. అది కాగితం పని కాదు, అదీ రోగి రక్షణే. రాయకపోతే తరువాతి సిస్టర్ అదే మందు మళ్ళీ ఇచ్చే ప్రమాదముంది.

తప్పు సిస్టర్లది మాత్రమే కాదు. బిల్లుల కోసం, ఫోను కోసం, స్టోరు తాళాల కోసం నర్సును వార్డు నుంచి పంపే యాజమాన్యాలు కూడా ఆలోచించాలి. నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెప్పడం చూసి, మామ యిత్రో చిన్న సంగతులు ఇతరులకు అప్పగించమని సలహా ఇచ్చాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా 1859 నాటి 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో, తాను లేనప్పుడు కూడా పని ఆగకుండా ఏర్పాటు చేయడమే అసలైన బాధ్యత అని బోధించింది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. సంతోషమే. కాని ఎన్ని భవనాలు లేచినా, ముందు ఏ మంచం దగ్గరికి వెళ్ళాలో తెలిసిన సిస్టర్ ఉంటేనే రోగి బ్రతుకుతాడు.

ఇంటివారికి కూడా ఒక మాట. మానుకోట వైపు మిర్చి ఏరుడు, జనగామ వైపు పత్తి ఏరుడు అయిపోయాక చూపించుకుందామని గర్భిణీ స్త్రీల పరీక్షలు వాయిదా వేస్తుంటారు. భూపాలపల్లి అడవి పల్లెల్లో పాము కరిస్తే ముందు మంత్రం, తరువాత ఆసుపత్రి అనేవారు ఇంకా ఉన్నారు. ఆ వరస తలక్రిందులు. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది, ఆలస్యమైనకొద్దీ విషం ముదురుతుంది. చేను రేపు కూడా ఉంటుంది. మనిషిని ఈ రోజే చూడాలి.

సిస్టర్లారా, రేపు ఉదయం డ్యూటీకి రాగానే పెన్ను జేబులో ఉంచి, ముందు వార్డంతా ఒకసారి నడిచి చూడండి. ఆ పది నిమిషాలు వృథా కావు. ప్రభువు మనకు అప్పగించినది రిజిస్టరును కాదు, రోగిని.