గ్యాస్ బిళ్ళ సంగతి

"ఏయే మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీ బిళ్ళ చెబుతారు, షుగర్ బిళ్ళ చెబుతారు. గ్యాస్ బిళ్ళ మాత్రం లెక్కలోకి రాదు. "అదీ ఒక మందేనా డాక్టరు గారూ, ఐదేళ్ళుగా రోజూ వేసుకునేదేగా!" అంటారు. ఆ ఐదేళ్ళ గురించే నా బెంగ.

అసలు పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి గ్యాస్‌కు మందులు కావు, యాసిడ్‌కు మందులు. మన జీర్ణాశయం గోడలో యాసిడ్‌ను బయటికి తోడే పంపుల్లాంటివి ఉంటాయి. ఈ మందు వాటిని మూసేస్తుంది. అయితే పనిలో ఉన్న పంపునే అది పట్టుకోగలదు. తిండి పడితే పంపులు పనిలోకి దిగుతాయి. ఆ వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలనే టిఫినుకు అరగంట ముందు వేసుకోమంటాం. రాత్రి బిర్యానీ తిని, మంట మొదలయ్యాక మింగితే ఏం లాభం? పూర్తిగా పనిచేయడానికే దానికి రెండు మూడు రోజులు పడుతుంది.

అప్పటికప్పుడు మంట తగ్గాలంటే యాంటాసిడ్ సిరప్పే నయం. ఉన్న యాసిడ్‌ను అది విరిచేస్తుంది, కాకపోతే ఎక్కువసేపు నిలవదు. అందులో మెగ్నీషియం విరేచనం చేస్తుంది, అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది. అందుకే రెండూ కలుపుతారు! ఇక నిజంగా గ్యాసే బాధిస్తుంటే పాలు, పప్పులు, గబగబా తినే అలవాటు చూసుకోవాలి.

అల్సర్ వేరే కథ. చాలా అల్సర్లకు మూలం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, లేదంటే మనం ఇష్టమొచ్చినట్టు మింగే నొప్పి మాత్రలు. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రావణాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆ క్రిమి ఉందని తేలితే యాసిడ్ మందుకు యాంటీబయాటిక్స్ కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తాం. నాలుగో రోజుకే హాయిగా ఉందని ఆపేస్తే క్రిమి మిగిలిపోతుంది.

ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12, మెగ్నీషియం తగ్గుతాయి. అలాగని ఇది చదివి రేపే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే యాసిడ్ రెట్టించి ఊరి, మంట మళ్ళీ వస్తుంది. పైగా గుండె కోసం ఆస్పిరిన్ వాడే కొందరికి ఈ బిళ్ళ అవసరం కూడా. ఎందుకు మొదలుపెట్టారో, ఇంకా కావాలో లేదో మీ డాక్టరునే అడగండి.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా బిళ్ళతో సర్దుకోవద్దు. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే "గ్యాసేలే" అని సోడా తాగి తెల్లారేదాకా చూడొద్దు. షుగరున్నవాళ్ళలో గుండెపోటు ఒక్కోసారి కడుపు పైభాగంలో ఇబ్బందిగానే మొదలవుతుంది. 108కి ఫోన్ చేయండి. ముందు ఈసీజీ, తర్వాతే గ్యాస్ బిళ్ళ.