సాకెట్టుకో దీపం

ఇస్త్రీపెట్టె ప్లగ్గు సాకెట్టులోనే ఉంది. పసివాడు పక్కనే ఆడుకుంటున్నాడు. స్విచ్చు వేసి ఉన్నదో లేదో తల్లికి దూరం నుండే తెలియాలంటే ప్రతి సాకెట్టుకు విడిగా ఇండికేటర్ దీపమున్న స్విచ్చు ఉండటం మేలు.

దీపాన్ని కలిపే పద్ధతులు రెండు. ఒకదానిలో స్విచ్చు వేసినప్పుడు దీపం వెలుగుతుంది. ఇందుకు న్యూట్రల్ తీగ కూడా స్విచ్చు వరకు రావాలి. మరొకదానిలో స్విచ్చు ఆపినప్పుడు వెలుగుతుంది. అది చీకటిలో స్విచ్చు జాడ తెలియడానికి మాత్రమే. సాకెట్లకు మొదటిదే తగినది. ఇల్లంతటా ఒకే పద్ధతి పాటించాలి, లేనిచో ఇంటివారే పొరబడతారు.

అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. స్విచ్చు ఫేజ్ తీగపైనే ఉండాలి. న్యూట్రల్‌పై బిగిస్తే, దీపం ఆరినా సాకెట్టు రంధ్రంలో కరెంటు ఉంటుంది. పసివాని చేతిలోని మేకుకు ఆ భేదం తెలియదు. కనుక పని ముగిశాక స్విచ్చు వేసి ఒకసారి, ఆపి ఒకసారి టెస్టరుతో పరీక్షించి చూపమని ఎలక్ట్రీషియన్‌ను కోరండి. ఆపిన తరువాత ఏ రంధ్రంలోనూ టెస్టరు వెలుగరాదు.

2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి 6 ఆంపియర్ల స్విచ్చు చాలదు. స్విచ్చు, సాకెట్టు రెండూ 16 ఆంపియర్లవే ఉండాలి. ఈ పరీక్ష జరిగేవరకు ఎలక్ట్రీషియన్‌ను పంపవద్దని మా మనవి.