చీతా వచ్చింది సరే, బీడేదీ?

చీతా అనగానే మనలో చాలామందికి చిరుతపులి గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. చిరుత పొదల్లో నక్కి, చెట్టెక్కి బతికే జంతువు. చీతా పరుగు మీద బతికేది. కంటి కొస నుంచి నోటి దాకా నల్లటి చార దాని గుర్తు. దానికి కనుచూపు మేర గడ్డి కావాలి, అక్కడక్కడా తుమ్మ, రేగు పొదలు కావాలి, మేసే కృష్ణజింకల మంద కావాలి. అంటే అచ్చంగా మన దక్కను బీళ్ళే!

ఇందులో ఆసియా ఉపజాతి ఒకప్పుడు అరేబియా నుంచి మన దేశం దాకా తిరిగింది. నేడది ఇరాన్‌లో తప్ప మరెక్కడా లేదు. అక్కడా కొద్ది పదులకు మించి మిగల్లేదు. 1947లో కొరియా సంస్థానపు రాజు ఒకే రాత్రి మూడింటిని కాల్చి చంపాడు. చిత్తూరు జిల్లాలో (అప్పుడది మద్రాసు రాష్ట్రం) ఒకటి కనిపించిందని 1952లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. అదే ఏడు ప్రభుత్వం ఈ దేశంలో చీతా లేదని తేల్చేసింది.

ఇక్కడ మన జంటనగరాల సంగతి రెండు విధాలుగా వస్తుంది. మన కాలేజీకి దగ్గర్లోనే, హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. లాల్జీ సింగ్ గారు డైరెక్టరుగా ఉండగా అక్కడి శాస్త్రజ్ఞులు ఆసియా చీతాను క్లోనింగ్‌తో పుట్టించాలని తలపెట్టారు. ఇరాన్ చీతాలనూ ఇవ్వలేదు, కణాలనూ ఇవ్వలేదు. ఆ పని అక్కడే ఆగింది. అదే నగరంలో, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశపు బంజరు భూముల అట్లాసు తయారుచేస్తుంది. పొదలున్న మెట్టభూములు కూడా అందులో బంజరు కిందే లెక్క. ఒక సంస్థ ప్రాణి కోసం వెతికితే, ఇంకో సంస్థ దాని ఇంటిని పనికిరాని నేల అని రాసింది! తప్పు ఆ సంస్థలది అనను. బంచరాయి, ఖారిజ్ ఖాతా, పోరంబోకు అంటూ మన రెవిన్యూ భాష ముందునుంచీ నేర్పిందే అది.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చాయి. సంతోషమే. కాని వచ్చింది ఆఫ్రికా ఉపజాతి. పోయిన బిడ్డకు బదులు దూరపు చుట్టం వచ్చినట్టు. ఆ చుట్టానికైనా చోటు చూపాలంటే బీళ్ళు మిగలాలి కదా!

రోళ్ళపాడు చూడండి. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. చుట్టూ నీళ్ళొచ్చి మెట్టసేద్యం మారింది. కృష్ణజింకలు పెరిగి రైతుల చేలమీద పడ్డాయి. పిట్ట మాత్రం కనుమరుగైంది. కంచె వేసి బోర్డు పెట్టినంత మాత్రాన బీడు బతకదని దీనర్థం.

"మనుషులకే జాగా లేదు, జంతువులకెక్కడిది?" అని అడిగేవాళ్ళుంటారు. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ ప్రశ్న బరువు నాకు తెలుసు. జింకల మంద ఒక్క రాత్రి మేస్తే మొలకెత్తిన చేను మిగలదు. కృష్ణ, మాగనూరు మండలాల రైతులనడగండి, చెబుతారు. కాని ఆ మంద చేలోకెందుకొచ్చింది? బీడు చిక్కిపోయింది గనుక. దాన్ని వేటాడే జంతువూ లేదు గనుక. అదే బీడు మీద గొల్లకుర్మల గొర్రెలూ బతుకుతున్నాయి. బీడు పోతే జింకకూ నష్టమే, కాపరికీ నష్టమే, చివరికి రైతుకూ నష్టమే.

కాబట్టి నా మాట ఇది. మిగిలిన గడ్డిబీళ్ళను బంజరు పద్దు నుంచి తీసి వేరే పేరుతో రాయాలి. అడవి పెంచుతామంటూ వాటిమీద యూకలిప్టస్ నాటొద్దు. కాపరుల మేత హక్కు ఉంచాలి. పంట పోయిన రైతుకు మళ్ళీ విత్తు వేళకే పరిహారం అందాలి. ఏడాది తిప్పించుకుని ఇస్తే ఆ రైతు జింకను ప్రేమించమంటే ప్రేమిస్తాడా?

మిత్రులారా, సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ ఊరి బీడు ఎన్నెకరాలుండేదో పెద్దల్నడగండి. ఇప్పుడెంత ఉందో కొలవండి. బోటనీ వాళ్ళు గడ్డి పేర్లు రాయండి, జువాలజీ వాళ్ళు పిట్టల్ని లెక్కపెట్టండి. దీనికి పెద్ద లాబరేటరీ ఏమీ అక్కర్లేదు.