శంకర్‌దాదాను మాఫ్ చేసినం, మరి మన సంగతేంది?



పోస్టు కొంచెం పొడుగుంటది. జుమ్మా రోజే కదా, చాయ్ తాగుకుంట సదువుండ్రి. కొందరికి కోపం వస్తది. వచ్చినా పర్వాలేదు, చివరిదాక సదివి అప్పుడు తిట్టుండ్రి.

పోయిన జుమ్మా రోజు మా రూముల ఎనిమిది మందిమి కలిసి ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ చూసినం. 2004ల వచ్చిన సినిమా. హిందీ మున్నాభాయ్‌ను తెలుగుల జయంత్ సి. పరాన్జీ తీసిండు. చిరంజీవి శంకర్‌దాదా, పక్కన శ్రీకాంత్ ఏటీఎం. ఎన్నిసార్లు చూసినమో లెక్కలేదు, అయినా ప్రతిసారి నవ్వు ఆగదు.

కథ అందరికీ ఎరికే. శంకర్‌దాదా హైదరాబాద్‌ల దందాలు, సెటిల్‌మెంట్లు చేసే రౌడీ. ఊర్ల ఉన్న అమ్మానాన్నకు మాత్రం పెద్ద డాక్టర్‌నని చెప్పిండు. వాళ్ళు చూడనీకి వస్తున్నరంటే చాలు, అడ్డా మొత్తం ఆసుపత్రి అయితది. రౌడీలే కాంపౌండర్లు, రౌడీలే పేషెంట్లు. ఆ సీన్ల మేమంతా పొట్ట పట్టుకొని నవ్వుతున్నం. ఒక్క తమ్ముడు మాత్రం నవ్వలేదు.

ఆ పిలగాడు వచ్చి ఇరవై రోజులే అయింది. జగిత్యాల దిక్కు పిలగాడు, ఇరవై రెండేండ్లు. మా రూములనే ఉండే వాళ్ళ మేనబావను చూసి వచ్చిండు. సినిమా నడుస్తనే ఉన్నది, మెల్లగ అడిగిండు: “బావా, నువ్వు వీడియో కాల్‌ల చూపిచ్చిన ఆఫీసు రూము ఏది?”

ఎవ్వరూ మాట్లాడలేదు. టీవీల మాత్రం నవ్వులు వినవడుతున్నయి.

ఆ ఆఫీసు రూము ఏదో మాకు తెలుసు. అది సైటుల మా క్యాబిన్. ఏసీ ఉంటది, గోడకు డ్రాయింగులు ఉంటయి, తిరిగే కుర్చీ ఉంటది. తాళంచెవి మా దగ్గరనే ఉంటది. “అన్నా, అయిదు నిమిషాలు, ఇంటికి మాట్లాడుకుంట” అంటే మేమే ఇచ్చినం. ఒక్కసారి కాదు, చాలాసార్లు, చాలామందికి ఇచ్చినం. రౌడీ అడ్డా ఆసుపత్రి అయినట్టు, మా క్యాబిన్ అందరి ఆఫీసు అయింది. ఒకరు విల్లాజియో మాల్ ముంగట నిలబడి ఫోటో దిగుతరు. ఇంకొకరు ఎవరిదో ల్యాండ్ క్రూజర్‌కు ఆనుకొని దిగుతరు. మేము 2008ల హెల్పర్లుగా వచ్చి సిమెంటు మూటలు మోసినం. ఇంటికి మాత్రం సూపర్‌వైజర్ అని చెప్పినం. నిజంగ సూపర్‌వైజర్ అయ్యేసరికి ఏడేండ్లు పట్టింది. ఆ ఏడేండ్లు మేమూ శంకర్‌దాదాలమే.

ఇప్పుడు మీరు అంటరు, “అన్నా, అది ప్రేమతోని చెప్పే అబద్ధం. అమ్మ బాధపడొద్దని చెప్తం.” ఒప్పుకుంటం. అమ్మకు ఫోన్ చేసి ‘ఎండకు ముక్కుల నుంచి రక్తం కారింది’ అని ఎవరు చెప్తరు? మేమూ చెప్పం. కానీ ఆ అబద్ధం అమ్మ దగ్గరనే ఆగుతదా? అమ్మ పక్కింటామెకు చెప్తది. పక్కింటామె కొడుకుకు చెప్తది. ఆ కొడుకు ఏజెంటు దగ్గరికి పోతడు. ఏజెంటు గోడకు పోస్టర్ అంటియ్యక్కర లేదు. మన వాట్సాప్ స్టేటస్సే ఆయన పోస్టర్.

ఆ పిలగాని లెక్క చూడుండ్రి. ఏజెంటుకు 1,60,000 కట్టిండు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిండు. స్టోర్ కీపర్ పని, 1,800 రియాళ్ళు అని చెప్పిండ్రు. హైదరాబాద్‌ల ఖతర్ వీసా సెంటర్‌ల కాంట్రాక్టు చూస్తే 1,000 ఉన్నది. అడిగితే, “కాగితం మీద అట్లనే ఉంటది, అక్కడికి పోయినంక ఎక్కువిస్తరు” అన్నడట ఏజెంటు. అప్పటికే పైసలు చేతులు మారినయి, ఇంకేం చేస్తడు, సంతకం పెట్టిండు. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస జీతం 1,000 రియాళ్ళు. కంపెనీ తిండి పెట్టకపోతే ఇంకో 300, రూము ఇయ్యకపోతే 500 ఇయ్యాలె. అంటే పిలగానికి వస్తున్నది చట్టం చెప్పిన అట్టడుగు జీతం. చట్టం తప్పలేదు, చెప్పినోళ్ళే తప్పిండ్రు.

తిండి, రూము కంపెనీదే అనుకుందాం. ఖర్చులకు 200 ఉంచుకొని 800 రియాళ్ళు పంపుతడు. రియాల్‌కు 23 రూపాయలు అనుకుంటే 18,400. మొదటి నెల మిత్తే 4,800. ఇంటి ఖర్చుకు 8,400 ఇచ్చి, అప్పుకు నెలకు పదివేలు కట్టుకుంట పోతే అప్పు తీరనీకి 22 నెలలు. కాంట్రాక్టు రెండేండ్లు. అంటే 24 నెలలు ఎండల పనిచేస్తే తన కోసం పనిచేసేది రెండు నెలలు. నడుమ జ్వరమొచ్చి పండుకుంటే అదీ లేదు.

మరి చట్టం ఏమంటది? మన దేశంల రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవాల్సిన సర్వీస్ చార్జి ఎక్కువల ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండ మనుషులను విదేశాలకు పంపుడే నేరం. ఎవరికి రిజిస్ట్రేషన్ ఉన్నదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌ల చూడొచ్చు. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉన్నది. ఇవన్నీ మనకు తెలుసు. తెలిసి కూడా ఆ పిలగానికి చెప్పింది ఎవరు? ఎవ్వరం చెప్పలేదు.

ఇంకో మాట ఉన్నది. చెప్పనీకి నోరు రాలేదు గానీ చెప్పాలె. ఆ పిలగాని పేరు ఏజెంటుకు అందించినందుకు మేనబావకు పదివేలు ముట్టినయి. సినిమా అయిపోయినంక ఆయనే ఒప్పుకున్నడు. “పదివేలే కదన్నా, లక్షన్నర తిన్నోడు ఏజెంటు. నేను కాకపోతే ఇంకొకడు పేరు ఇస్తుండె” అన్నడు.

అన్నలారా, ఈ మాట మన క్యాంపులల్ల ఎన్నిసార్లు విన్నం? పెద్ద దొంగ ఏజెంటే, కాదనం. ఆయన మీద కోపం తగ్గించుకొమ్మని మేము అంటలేం. కానీ పెద్ద దొంగకు ఊరి తొవ్వ చూపిచ్చేది చిన్న దొంగే. ఏజెంటు మొహం చూసి ఎవ్వడూ లక్షన్నర కట్టడు. మన మొహం చూసి కడతడు. బావ అక్కడున్నడు, చిన్నాయిన అక్కడున్నడు అన్న ధైర్యంతోని కడతడు. ఆ ధైర్యాన్నే మనం పదివేలకు అమ్ముకుంటున్నం.

సినిమాల తండ్రి శంకర్‌దాదాను మాఫ్ చేస్తడు. గిరీష్ కర్నాడ్ ఆ తండ్రి వేషం ఎంత బాగ వేసిండో. కొడుకు అబద్ధం బయటపడి, అందరి ముంగట ఇజ్జత్ పోయినప్పుడు ఆ మొహం చూస్తే మనకు మన నాయిన యాదికొస్తడు. ఆ తర్వాత కొడుకు మెడికల్ కాలేజీకి పోతడు. ఆ సీటు కూడా పరీక్షల మోసం చేసే తెచ్చుకుంటడు, అది వేరే సంగతి. అక్కడ పేషెంట్లను దగ్గరికి తీసుకుంటడు, ధైర్యం చెప్తడు. చివరికి డాక్టర్ కాకపోయినా మంచోడు అయిండని అమ్మానాన్న దగ్గరికి తీసుకుంటరు. మనకు కండ్లల్ల నీళ్ళొస్తయి. మేమూ ఏడ్చినం.

కానీ ఈసారి మాకు ఇంకో ప్రశ్న వచ్చింది. శంకర్‌దాదా సెటిల్‌మెంట్లు చేసినప్పుడు పైసలు పోగొట్టుకున్నోళ్ళు ఏమైండ్రు? సినిమా వాళ్ళ ఇంటి దిక్కు మళ్ళ చూడదు. వాళ్ళకు ఎవడు ఎంత తిరిగిచ్చిండు? మారిన మనిషిని చూసి మనం చప్పట్లు కొడతం, పోయిన పైసల లెక్క ఎవ్వరం అడగం. కామెడీ సినిమా కదా, అంత లెక్క అడగొద్దు అంటే, సరే, సినిమాను అడగం. రూముల మాత్రం అడగాలె. ఎందుకంటే రూముల పైసలు పోయినోడు పక్క మంచం మీదనే పండుకుంటున్నడు.

కొందరు ఇప్పుడే అంటున్నరు, “ఆ మేనబావ మంచోడే, పాపం అక్క పెండ్లికి అప్పు చేసిండు, ఇడిసిపెట్టుండ్రి” అని. మంచోడే. మొన్న ఒకాయన స్కాఫోల్డింగ్ మీద కండ్లు తిరిగి పడబోతే ఉరికి పట్టుకున్నది ఆయనే. అందుకే ఆయనను రూముల నుంచి ఎల్లగొట్టమని మేము అనలేదు. కానీ మాఫీ అంటే ఉత్తగ దొరికేది కాదు. ‘తప్పయింది తమ్మీ’ అని కౌగిలించుకుంటే పిలగాని మిత్తి ఆగుతదా? నెల తిరిగేసరికి షావుకారు ఇంటి ముంగట నిలబడతడు. కౌగిలింత ఆయనకు పనిచెయ్యదు.

మేము రూముల కూసొని మాట్లాడుకున్నది ఇది.

ఒకటి, తీసుకున్న కమీషన్ పైసలు పిలగానికే తిరిగియ్యాలె. మేనబావ అయిదు వేలు ఇచ్చిండు, మిగిలింది వచ్చే జీతంల ఇస్తనన్నడు. ఇచ్చేదాక అడుగుతం.

రెండు, ఊరి నుంచి ఎవరన్న “అన్నా, అక్కడ ఎట్లుంటది” అని ఫోన్ చేస్తే జీతం స్లిప్ ఫోటో పంపాలె. సిగ్గెందుకు? జూన్, జులై ఎండల కష్టం చేసి సంపాదించిన జీతం అది. ఎన్ని గంటలు పని, ఎంత కోత, ఎంత మిగులుతది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. విన్నంక కూడా వస్తనంటే రానీయుండ్రి. కానీ లెక్క చూసుకొని రావాలె. 30,000కు మించి అడిగిన ఏజెంటు దగ్గరికి పోవొద్దని గట్టిగ చెప్పాలె.

మూడు, మా సొంత తప్పు. ఇగ క్యాబిన్ తాళంచెవి వీడియో కాల్ కోసం ఎవ్వరికీ ఇయ్యం. ఎవరన్న కోపం చేసుకున్నా సరే. మేము ఏడేండ్లు ఇంటికి చెప్పిన అబద్ధం నమ్మి మా ఊరి నుంచి ఎంతమంది అప్పులు చేసి వచ్చిండ్రో మాకు తెల్వదు. ఒక్కడన్న వచ్చి ఉంటడు. ఆ ఒక్కనికి మేము బాకీ ఉన్నం.

“పెద్ద నీతులు చెప్తున్నవ్, సూపర్‌వైజర్ అయినవ్ కదా” అనేటోళ్ళు ఉంటరు. అనుండ్రి. మేము పదో తరగతి సదివినోళ్ళం, నీతులు మాకు రావు. లెక్కలు మాత్రం వస్తయి. రోజూ సైటుల కడ్డీలు, మూటలు లెక్కపెట్టుడే మా పని. లక్షా అరవై వేలల మన వంతు ఎంతో ఎవరికి వాళ్ళు లెక్క వేసుకోవాలె.

శంకర్‌దాదా సినిమా మళ్ళ చూస్తం, మళ్ళ నవ్వుతం. అడ్డా ఆసుపత్రి అయ్యే సీన్ వచ్చినప్పుడు మాత్రం ఇగ ఆ పిలగాని దిక్కు చూడకుండ నవ్వలేం.

ఈ పోస్టును మన క్యాంపు గ్రూపులల్లనే కాదు, ఊరి గ్రూపులల్ల కూడా పెట్టుండ్రి. పాస్‌పోర్టు చేతుల పట్టుకొని తిరుగుతున్న పిలగాండ్లు సదవాలె. తప్పులుంటే మన్నించుండ్రి.

కింద ఫోటో పెడుతున్నం. ఎనిమిది మందిమి పండుకునే రూము, రెండంతస్తుల మంచాలు, ఆరేసిన బట్టలు. క్యాబిన్ ఫోటో కాదు.