బీడు ఎవరిది? ఎరువు ఎవరికి?

మా నేలను బీడు అని కాగితం మీద రాసింది ఎవరు? మా పశువులు మేసేది అక్కడే. వదిలిన పోడు చేను మళ్లీ బలం పుంజుకునేదీ అక్కడే. 2017 నాటికి 20 శాతం జీవ ఇంధనం కలపాలన్న 2009 జాతీయ విధానం, ఇలాంటి బీడు నేలల్నే చూపించింది.

అడవి ఆముదం నాటండి, నీళ్లొద్దు, ఎరువొద్దు అన్నారు. మొక్క బతికింది, కాయ నిలవలేదు. అప్పుడు యూరియా వేయమన్నారు. యూరియా తయారయ్యేది సహజవాయువుతోనే కదా! భూమిలోని ఇంధనం మిగిల్చే పంటకు అదే ఇంధనం మేపడం ఏం లెక్క? ఆ బస్తా జొన్నకు వేస్తే పిల్లలు తింటారు. అడవి ఆముదం గింజ విషం, ఆకు మేక ముట్టదు.

మేం చెట్టుకు వ్యతిరేకం కాదు. కానుగ మనదే. దాని వేళ్లు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. నూనె తీశాక మిగిలిన చెక్క చేనుకు ఎరువు. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో మన గోండు ఆడవాళ్లు కానుగను నమ్ముకుని, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పొదుపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, తోటి టీచర్లారా! ఎవరైనా మొక్కలతో వస్తే గ్రామసభలో అడగండి: నేల ఎవరిది? ఎరువు ఖర్చు ఎవరిది? చెక్క ఎవరి చేనుకు? జవాబు వచ్చేదాకా ఒక్క గుంత తవ్వనివ్వొద్దు.