ముందు జీర్ణోద్ధరణ, ఆ తరువాతే గోపురం

యతిప్రాసల గురించి వ్రాసుకొనే పంతులు కారు ఇంజను గురించి టపా వ్రాయడమేమిటని నవ్వుకొంటారేమో. నవ్వినా ఫరవాలేదు గాని, పాతబండి ఉన్నవారు మాత్రం చివరంటా చదవండి.

కోదాడలో ఉండే నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ మధ్య సూర్యాపేట వచ్చి మా ఇంటి ముందు కారు ఆపాడు. 2013 నాటి డీజిలు స్విఫ్టు. సెకండ్‌హ్యాండులో కొన్నది. మీటరు 2,40,000 కిలోమీటర్లు దాటింది.

"సార్, బండికి పికప్పు సరిపోతలేదు. హైదరాబాదుల రీమ్యాపింగు చేస్తరట. ముప్పై వేలు. 75 హార్సుపవరు 95 అయితదట" అన్నాడు.

వాడి రాకపోకలు హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు. ధాన్యం లారీలు, సిమెంటు లారీలు బారులు తీరే దారి. ఒకనాడు లారీని దాటబోతే ఎదురుగా బస్సు వచ్చిందట. ఎంత తొక్కినా బండి ముందుకు ఉరకలేదు. వెనుక సీట్లో భార్య, పసిబిడ్డ. పైప్రాణాలు పైనే పోయినంత పనయిందట. వాడి కోరిక సోకు కోసం పుట్టినది కాదు, భయం వల్ల పుట్టినది. అందుకే తేలికగా కొట్టిపారేయలేకపోయాను.

ఆ కారులోది ఫియట్ వారు రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజను, 1248 సీసీ. 2007లో స్విఫ్టులోకి వచ్చింది మొదలు, 2020లో మారుతి వారు డీజిలు కార్లు మానుకొనే దాకా మన ఊళ్ళలో విస్తారంగా తిరిగింది. స్విఫ్టులో దాని బలం 75 గుర్రాలైతే, ఎర్టిగా, సియాజ్‌లలో అదే ఇంజనుకు 90. "కంపెనీవాళ్ళే పెంచినప్పుడు మనం పెంచితే తప్పేంది సార్?" అన్నాడు మావాడు. ప్రశ్న మంచిదే. అయితే కంపెనీవారు కంప్యూటరులో అంకెలు మార్చి ఊరుకోలేదు. వేరొక రకం టర్బో అమర్చారు. అదీ కొత్త ఇంజనుకు.

రీమ్యాపింగు అంటే ఇంజనును నడిపించే చిన్న కంప్యూటరులోని లెక్కలు సవరించి, డీజిలు మోతాదును, టర్బో నెట్టే గాలి ఒత్తిడిని పెంచడం. ఆ అదనపు బలం ఆకాశం నుండి ఊడిపడదు. పిస్టన్లు, రింగులు, బేరింగులు, క్లచ్చిప్లేటు మోసే అదనపు భారమే మనకు బలంగా కనిపిస్తుంది. చేవ ఉన్న ఇంజను ఓర్చుకొంటుంది. రెండు లక్షల నలభై వేల కిలోమీటర్లు అరిగినది ఎంతకాలం ఓర్చుకొంటుంది? టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాని సీలు అరిగి ఆయిలు ఇంజనులోకి పోయిందా, తాళంచెవి తిప్పినా ఆగకుండా ఆ ఆయిలునే మండించుకొంటూ ఇంజను ఉరకడమూ కలదు.

ఈ మోజు మా తరానికి తెలియనిది కాదు. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి 9వ నంబరుగా, రెండు వరుసల బాటగా ఉన్న రోజుల్లో అంబాసిడర్ టాక్సీల వారు పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించుకొనేవారు. అది వేగానికి కాదు, ఇంధనం ఖర్చు తగ్గించుకోవడానికి. పొగ మొదలైతే సిలిండర్లు బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయించేవారు. దానిని వారు 'బండి బాగుచేయించడం' అనేవారే గాని బలం పెంచడం అనలేదు. 1990లలో హిందూస్థాన్ మోటార్స్ వారు అంబాసిడర్‌కు 1.8 లీటర్ల ఇసుజు ఇంజను పెట్టినప్పుడు దానికి తగిన అయిదు గేర్ల పెట్టెను కూడా జతచేశారు. ఒకదాని బలం పెంచితే దానితో ముడిపడిన తక్కినవాటినీ సవరించాలన్నమాట.

"హైదరాబాదు తరువాత పోదువు గాని, ముందు మిర్యాలగూడ పోదాం పద నాయనా" అన్నాను. అక్కడ నాకు తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఎయిరు ఫిల్టరు విప్పితే పిడికెడు ఊకదుమ్ము రాలింది. మావాడు రోజంతా బండి నిలిపేది రైసుమిల్లు పక్కనే మరి! టర్బో నుండి గాలి తెచ్చే రబ్బరు గొట్టం చీలి ఉంది. గాలి లోపలికి పోయే దారి నిండా మసి. కంప్రెషను చూస్తే నాలుగు సిలిండర్లలో ఒకటి తక్కువ. క్లచ్చి అరిగింది. ముందు టైర్లు నున్నబడ్డాయి.

"పోయిన బలం తెచ్చుకోకుండనే కొత్త బలం అడుగుతున్నరు సార్" అన్నాడు మేస్త్రీ. నా ముప్పై యేళ్ళ పాఠాలలో ఇంత సూటి వాక్యం నేను చెప్పి ఎరుగను.

గొట్టం, ఫిల్టరు మార్చి, మసి తీయించేసరికే బండి నడక మారిపోయింది. మిగిలిన సొమ్ము క్లచ్చికి, బ్రేకులకు, టైర్లకు పెట్టించాను. బ్రేకులని ఎందుకు పట్టుబట్టానంటే, వేగం 80 నుండి 100కు, అనగా పావువంతు పెరిగితే, ఆపవలసిన శక్తి సగానికి పైగా పెరుగుతుంది. గుర్రాలను అమ్మేవారు కళ్ళెం మాట ఎత్తరు.

చట్టం సంగతీ కలదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్ణయించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానిని గట్టిగా చెప్పింది. బీమా సంస్థకు చెప్పకుండా చేసిన మార్పు, ఆపద వేళ పరిహారానికి అడ్డు కావచ్చు.

బలం పెంచుకోవడమే పాపమని నేననను. ఇంజను పూర్తిగా విప్పి కొత్తగా చేయించి, బ్రేకులు దానికి తగినట్లు అమర్చి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోనో ఉన్న పందెపు బాటల మీద నడుపుకొనే వారిది వేరే విద్య. ఆ విద్యకు నమస్కారం. కాని అరిగిన ఇంజనుకు అంకెల మంత్రం వేసి, బిడ్డను వెనుక కూర్చోబెట్టుకొని లారీల మధ్యకు పోవడం విద్య కాదు.

మా సూర్యాపేట పక్కన పిల్లలమఱ్ఱిలో కాకతీయుల నాటి శివాలయాలున్నాయి. అటువంటి పాతగుడిని నిలబెట్టదలచినవాడు ముందు పునాది చూస్తాడు, కదిలిన రాయిని సరిచేస్తాడు. జీర్ణోద్ధరణ అంటే అదే. పునాది కుంగిన గుడి మీద కొత్త గోపురం ఎత్తితే గోపురమూ దక్కదు, గుడీ దక్కదు. పాతబండికీ ఇదే వరుస.

మావాడు పూర్తిగా మారాడని చెప్పను. "ఇంజను కొత్తగ చేయించినంక రీమ్యాపు చేయిస్త సార్" అంటున్నాడు. ఆ వరుసలో చేయిస్తే, చట్టం ఒప్పుకొన్న మేరకు, నాకు అభ్యంతరం లేదు. "అప్పటిదాకా ఎదురుగా బస్సు కనబడితే లారీ వెనుకనే ఉండు నాయనా" అన్నాను. ఎంత బలమున్న బండికైనా అదే మందు.

యంత్రశాస్త్రంలో నేను పండితుణ్ణి కాను. అనుభవజ్ఞులు తప్పులుంటే సవరింపగలరు.