ఫ్యూజు తీగకు మనము చేయు ద్రోహము

ఇంటిలో దీపములు హఠాత్తుగా ఆరిపోయినప్పుడు మన నోట వెడలు మొదటి మాట “పాడు ఫ్యూజు మరల పోయినది” అనునదియే. పోయిన ఫ్యూజును తిట్టుదుము. అది పోవుటచేత నిలిచిన యింటి మాట తలపము. విద్యుచ్ఛక్తివలన గృహములలో పుట్టు అగ్నిప్రమాదములను గూర్చి పెద్దలు అనేక హితములు చెప్పుచున్నారు. వానిలో తప్పేమియు లేదు. కాని ఈ చిన్న తీగను శత్రువుగా నెంచు మన స్వభావము మారనంతవఱకు ఆ హితములన్నియు గోడమీది వ్రాతలుగనే యుండునని నా యభిప్రాయము.

ఫ్యూజు చేయు పని మిక్కిలి సులభమైనది. ఇంటిలోనికి వచ్చు కరెంటు దారిలో, మిగిలిన తీగలకంటె బలహీనమైన తీగముక్క నొకదానిని బుద్ధిపూర్వకముగా నుంచుదురు. కరెంటు మితిమీరినచో గోడలలోని తీగలు కాగకమునుపే ఆ ముక్క కరగి తెగిపోవును. ప్రవాహము నిలిచిపోవును. తాను నశించి యింటిని కాపాడుటకే యది పుట్టినది.

తీగలో కరెంటు రెండింతలైనచో అందు పుట్టు వేడిమి నాలుగింతలగునని జేమ్సు ప్రెస్కాటు జౌలు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1841వ సంవత్సరమున ప్రకటించెను. మన పైతరగతి విద్యార్థులు ఈ సూత్రమును పరీక్షలో తప్పులేకుండ వ్రాయుదురు. అదే సాయంకాలము ఇంటికి పోయి మఱతురు. మన గదులలోని చిన్న ప్లగ్గుచోటు 6 ఆంపియరులకొఱకు ఏర్పడినది. దానికి అనేక రంధ్రములుగల పెట్టె నొకటి తగిలించి, 1500 వాట్ల నీళ్ల హీటరును, 1000 వాట్ల ఇస్త్రీపెట్టెను ఒక్కమారే నడపుదుమనుకొందము. 2500ను 230 వోల్టులచేత భాగింపగా దాదాపు 11 ఆంపియరులు వచ్చును. కరెంటు రెండింతలైనను కాలేదు గదా యని మనకు తోచును. కాని వేడిమి అప్పుడే మూడింతలను దాటినది. తీగలపై సామాన్యముగా వాడు పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమివఱకే చిరకాలము ఓర్చునట్లు చేయబడినది. అంతకు మించి దినదినము కాగుచుండినచో అది గట్టిపడి, పగుళ్లువారి, రాలిపోవును. ఒకనాడు రెండు తీగలు ఒకదాని నొకటి తాకును. ఆనాటి మెఱుపునకు ఏండ్ల తరబడి మనమే సన్నాహము చేసియుందుము.

మా యింట జరిగిన సంగతి నొకటి చెప్పెదను. నా బాల్యమున మా యింటి పింగాణి ఫ్యూజు ప్రతి వేసవిలోను పోవుచుండెను. బావి మోటారును ఇస్త్రీపెట్టెయు ఒక్కసారి నడచినప్పుడెల్ల ఇల్లు చీకటియగుచుండెను. విసిగిన మా నాయనగారు వీథిలోని పనివాని నొకనిని పిలిపించి, “ఇక పోకుండునట్లు చేయవోయి” అనిరి. అతడు ఫ్యూజు తీగకు బదులు రాగి తీగ పోగులు మూడింటిని మెలివేసి బిగించెను. రెండు సంవత్సరములు ఇంట దీపము ఆరలేదు. వానివంటి పనివాడు జిల్లాలో లేడని మేము పదిమందికిని చెప్పితిమి. మూడవ వేసవిలో ఒక రాత్రి, మోటారు నడచుచుండగా, మా నాయనమ్మ లేచి గుడ్డ కాలుచున్న వాసన వచ్చుచున్నదని అందఱిని లేపినది. వంటయిల్లు, దేవుని వాక్యము చదువుకొను బల్లమీది దీపము, పెరటిలోని పొయ్యి వెదకితిమి. ఎందును నిప్పు లేదు. తుదకు మీటరుక్రింది చెక్కపలక వెనుకనుండి సన్నని పొగ వెడలుట మా అన్న చూచెను. గోడమీద చేయి పెట్టరాకుండెను. నాయనగారు మెయిను స్విచ్చి దించిరి. పలకను ఊడదీసి చూడగా దాని వెనుకభాగము బొగ్గై యుండెను. తీగలమీద తొడుగు లేదు. ముసలితనమువలన మా నాయనమ్మకు రాత్రులు నిద్రపట్టెడిది కాదు. ఆ నిద్రలేమియే ఆ రాత్రి మమ్ములను బ్రదికించినది.

ఆ పనివానిని నేను నిందింపను. పోకుండ చేయుమన్నది మేము. పోవుటయే దాని ధర్మమని మాలో నొక్కరికిని తెలియదు.

ఇప్పటి క్రొత్త యిండ్లలో ఫ్యూజునకు మాఱుగా ఎం.సి.బి. అను మీట వచ్చినది. కరెంటు మితిమీరినప్పుడు అది తానై క్రిందికి పడును. తీగ మార్చు శ్రమ లేదు. పనిముట్టు మారినది గాని గృహస్థుడు మారలేదు. గదిలో చల్లగాలి యంత్రమును పెట్టించును. 16 ఆంపియరుల మీట పడిపోవుచున్నదని దానిని తీయించి 32 ఆంపియరులది పెట్టించును. గోడలోని తీగ మాత్రము మునుపటి 2.5 చదరపు మిల్లీమీటరులదియే. తీగను మార్చక కావలివాని కన్నులు పొడిచిన యట్లాయెను. మీట పడిపోవుచుండినచో కారణమును వెదకవలయును. భారమును తగ్గింపవలయును, లేదా లావు తీగను వేయింపవలయును. మూడవ మార్గము లేదు.

ఈ మీటకును తెలియని దోషము ఒకటి కలదు. ప్లగ్గు వదులై, లేక తీగకొనకు మర సడలి, సందు ఏర్పడినచో అచ్చట నిరోధము పెరిగి విశేషమైన వేడిమి పుట్టును. కరెంటు మితిలోనే యుండుటచే మీట పడదు. దీనిని మన చేయి, ముక్కు, కన్ను మాత్రమే పట్టగలవు: తాకినచో వెచ్చగానుండు ప్లగ్గు, గోధుమరంగు మచ్చ తేలిన స్విచ్చిపలక, చిటచిట చప్పుడు. వీనిలో నేదియైనను కనబడినచో ఆ చోటిని వాడుట నాడే మానవలెను. కరెంటు భూమిలోనికి కారుటను పసిగట్టుటకు ఆర్.సి.సి.బి. అను వేఱొక సాధనము కలదు. ప్రాణరక్షణకై 30 మిల్లీ ఆంపియరులదానిని పెట్టుదురు. దానిమీది పరీక్షమీటను అప్పుడప్పుడు నొక్కి చూచు యిల్లాలిని నేను ఒక్కతెనే యెఱుగుదును. ఆమె మన పాఠశాలలో గణితోపాధ్యాయిని.

మన క్రైస్తవ కుటుంబములవారితో ప్రత్యేకముగా ఒక మాట చెప్పవలసియున్నది. డిసెంబరు వచ్చినతోడనే యింటింట నక్షత్రము వెలుగును. పిల్లలు ఎండుగడ్డితో పశువులపాక కట్టుదురు. ఆ గడ్డిలోనికి దారమువంటి సన్నని తీగల రంగుదీపములను దూర్చుదురు. కొన్ని మాలలకు ప్లగ్గయినను ఉండదు. తీగకొనలను పండ్లతో ఒలిచి, ప్లగ్గుచోటి రంధ్రములలో దూర్చి, కదలకుండుటకు అగ్గిపుల్లలతో బిగింతురు! నిప్పు పుట్టించు పుల్లనే కాపుగా నుంచు ఈ నేర్పు ఎవరు కనిపెట్టిరో తెలియదు. రాత్రి గుడికి పోవునప్పుడు దీపములను ఆర్పినచో పండుగ కళ తగ్గునని వెలుగుచుండగనే తలుపు వేసికొని పోవుదురు. దేవునిపై భారమువేసి నిద్రించుట మంచిదే. స్విచ్చి ఆపి భారమువేయుట మఱింత మంచిదని నేను తలంతును.

ఇంత చిన్న విషయమునకు ఇంత హెచ్చరిక యేలయని కొందఱు అడుగవచ్చును. 2025వ సంవత్సరము మే 18వ తేదీ ఉదయమున హైదరాబాదులో చార్మినారునకు సమీపమున గుల్జారు హౌసు వద్ద, క్రింద దుకాణములు, పైన నివాసముగానున్న యింట అగ్ని పుట్టి 17 మంది మరణించిరి. వారిలో పసిపిల్లలును ఉండిరి. విద్యుత్తు షార్టు సర్క్యూటు కారణమై యుండవచ్చునని అధికారులు మొదటనే చెప్పిరి. లోనికి పోవు దారియు, మెట్లును ఇఱుకైనవి. అట్టి యిండ్లలో మంటకంటె ముందు పొగ వచ్చి నిద్రించువారిని చంపును. ఆ యింటివంటి యిండ్లు మన పట్టణములలో వీథివీథికిని ఉన్నవి. ఈ పత్రికను చదువువారిలో కొందఱు అట్టి మేడలలోనే నివసించుచున్నారు.

నిప్పు పుట్టనే పుట్టినచో మొదట మెయిను స్విచ్చిని దింపవలెను. కరెంటు ఉన్నంతవఱకు నీళ్లు పోయరాదు. పొడి యిసుక చల్లవచ్చును. మంట చేతికి మించినచో సామానులకై వెనుకకు పోక, అందఱును వెలుపలికి వచ్చి 101 సంఖ్యకు టెలిఫోను చేయవలెను.

తల్లిదండ్రులతో వ్యయమును గూర్చి కొంచెము వాదింపవలసియున్నది. ఇల్లు కట్టునప్పుడు నేలరాళ్ల రంగునకై నాలుగు ఊళ్లు తిరుగుదుము. తీగయొద్దకు వచ్చుసరికి “ఏదో యొకటి, కొంచెము చవుకలో చూడు” అందుము. తీగ గోడలో దాగియుండును, అతిథులు దానిని మెచ్చుకొనరు, కారణమింతియే. ప్రభుత్వమువారి అనుమతిపత్రముగల పనివానిని పిలుచుటకును వెనుదీయుదుము. అతడు అడుగు కూలి యెక్కువయని మనకు తోచును. ఒక్క పెండ్లి విందులో మిగిలి పారబోయు అన్నపు విలువయైనను అది కాదని నేను లెక్కవేసి చెప్పగలను.

బాలబాలికలారా, మీరు ఫ్యూజును గాని మీటను గాని ముట్టవలదు, అది పెద్దలపని. మన యింటి ఫ్యూజులో ఏ తీగ యున్నదో చూపింపుడని మీ నాయనగారిని ఈ సెలవులలో ఒకమా రడుగుడు. ఆయన మెయిను స్విచ్చి దించిన పిమ్మట, దూరమున నిలిచి చూడుడు. లావుపాటి రాగి మెలిక కనబడినయెడల, అది యెవరు పెట్టిరని అడుగక, ఎప్పుడు తీయింతురని అడుగుడు.

మా యింట ఆనాడు కాలిన చెక్కపలకను నాయనగారు పారవేయనీయలేదు. క్రొత్త పలకకు ప్రక్కనే మేకునకు దానిని తగిలించి యుంచిరి. ఆ తరువాత మా యింటికి మరమ్మతునకు వచ్చిన ప్రతి పనివానికిని ముందుగా ఆ పలక నల్లని వైపును చూపి, పిమ్మటనే నిచ్చెన యిచ్చెడివారు.